లేని డబ్బును నిండుగా చూపించే ఆరు చిట్కాలు

నర్సీపట్నంలో జీడిపప్పు, కాఫీ గింజల వ్యాపారం చేస్తూ ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకున్న సోదరులారా! మార్చి 31 దగ్గర పడుతోందని కంగారు పడకండి. బ్యాలెన్స్ షీట్‌లో ‘నగదు, నగదు సమానాలు’ అనే వరుస నిండుగా ఉంటే చాలు. దానికి సంపాదించక్కర్లేదు, ఓపిగ్గా రాసుకుంటే సరిపోతుంది.

1. చిట్టా రోజూ రాయకండి. ఏడాది చివర ఒక్క రాత్రి కూర్చుని నాలుగు రకాల పెన్నులతో లాగించేయండి. తేలని తేడానంతా ‘చేతిలో నగదు’ కింద తోసేయండి. గల్లాపెట్టె తెరిచి చూపమంటే తాళంచెవి మా ఆవిడ అనకాపల్లి పట్టుకెళ్లిందనండి.

2. కొన్న రోజు నుంచి మూడు నెలల్లోపు చేతికొచ్చేవి, విలువ పెద్దగా మారనివి మాత్రమే నగదు సమానాలని అకౌంటింగ్ ప్రమాణాలు చెబుతాయి. మీరు ఐదేళ్ల ఎఫ్‌డీనీ, షేర్లనూ, బావమరిదికిచ్చిన చేబదులునూ అందులోనే కలిపేయండి. అడిగిన రోజే ఇస్తానని బావమరిది మాటిచ్చాడు కదా.

3. లోనుకు తాకట్టు పెట్టిన డిపాజిట్ గురించి నోట్ రాయకండి. కాగితం ఖర్చు కలిసొస్తుంది.

4. మార్చి 31న తమ్ముడి సంస్థ నుంచి చెక్కు తెచ్చి జమ రాయండి. ఏప్రిల్‌లో గుట్టుగా తిరిగిచ్చేయండి.

5. బ్యాంకుకు నేరుగా ఉత్తరం రాసి నిల్వ కనుక్కుంటానని ఆడిటర్ గారంటే ఒప్పుకోకండి. “మీకెందుకండీ శ్రమ, మా కుర్రాడే తెచ్చిస్తాడు” అని టీ తెప్పించండి. ఆయన టీ తాగేలోగా ప్రింటర్ వేడెక్కించండి.

6. లేని డిపాజిట్‌కు వడ్డీ కూడా రాయండి. మన సత్యం కంప్యూటర్స్‌ను చూడండి. 2008 సెప్టెంబరు 30 నాటికి చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. వాటిపైన రాని వడ్డీ మరో 376 కోట్లు. సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్నదీ ఆ ఏడాదే!

చివరిదాకా పాటిస్తే ఫలితం ఖాయం. 2009 జనవరి 7న ఈ లెక్కలన్నీ ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి రాగానే, 179 రూపాయల సత్యం షేరు ఆ ఒక్కరోజే 40కి దిగింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల జైలు, 5 కోట్ల జరిమానా వేసింది. మే నెలలో అప్పీలు మీద బెయిలూ వచ్చింది. కాబట్టి ఆలస్యం చేయకండి, ఈ రాత్రే పెన్నులు కొనుక్కోండి.