అట్టముక్క

గుడిపాల వైపు పల్లెలో ఒకాయనది చిల్లర అంగడి. పన్నెండేళ్ళుగా సరుకంతా చిత్తూరులోని ఒక ఏజెన్సీ నుంచే దిగేది. మంగళవారం ఆ లైనుకు బండి వచ్చేది. పాత బిల్లు కడితే కొత్త సరుకు. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి అన్నీ ఆ బండిలోనే.

అంగడాయనకు ఒక అలవాటుంది. సోమవారం రాత్రే డబ్బు లెక్కపెట్టి, అగరుబత్తి పెట్టె అట్ట ఒక ముక్క చించి, దానిమీద మొత్తం రాసి, నోట్లమీద పెట్టి రబ్బరుబ్యాండు వేస్తాడు. కట్టను గల్లాపెట్టె పైనున్న వినాయకుడి పటం వెనక దాస్తాడు. తెల్లారి లైను కుర్రాడు అట్టమీద అంకె చూసి కట్టను సంచిలో వేసుకుంటాడు. ఏనాడూ నోట్లు లెక్కపెట్టలేదు. బిల్లు వెనక సంతకం పెట్టి పోతాడు.

సంక్రాంతి ముందటి మంగళవారం తొందరలో ఆ సంతకం పడలేదు. బిల్లు 18,400.

"ఇచ్చేసినా" అన్నాడు అంగడాయన.

"నాకు ముట్టలేదు" అన్నాడు కుర్రాడు.

ఏజెన్సీ ఓనరు పద్దు తీసి చూశాడు. బాకీ అలాగే ఉంది. తర్వాతి మంగళవారం బండి ఆ అంగడి ముందు ఆగలేదు.

అంగడాయన బస్సెక్కి చిత్తూరు పోయి రొక్కానికి కొనుక్కొచ్చాడు. మిగిలేది బస్సు ఛార్జీకే సరిపోయింది. డేటు అయిపోయిన సరుకు మూటకట్టి మూల పెట్టాడు. వెనక్కి తీసుకునేవాళ్ళు లేరు. ఓనరుకూ సుఖం లేదు. అంగడాయనను చూసి సరుకు దించుకునే తక్కిన అంగళ్ళవాళ్ళు కూడా ఆర్డర్లు తగ్గించారు. కంపెనీ టార్గెట్టు తప్పింది. కరువులో ఒకరినొకరు ఆదుకున్న మనుషులు, పెళ్ళిళ్ళకు పిలుచుకున్న మనుషులు. ఒక్క సంతకం దగ్గర అదంతా తెగిపోవడం చూసేవాళ్ళకే కష్టంగా ఉండేది.

ఉగాది దాటాక పెద్దమనిషి ఒకాయన ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ జిల్లాలో ఇలాంటి తగాదా తెగే చోటు ఒకటే.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

"ఇప్పుడే పోదాం పదండి."

"సామి ముందర చెప్పు, చాలు. మళ్ళీ ఆ మాటెత్తితే అడుగు" అన్నాడు ఓనరు.

చిత్తూరు నుంచి 11 కిలోమీటర్లు. గుడి పక్కన పారే ఏరు బాహుద. లిఖితుడనే ఆయన ఆకలికి ఆగలేక ఒకరి తోటలో అడక్కుండా మామిడిపండు తిన్నాడు. తర్వాత తానే రాజు దగ్గరికి పోయి తప్పు చెప్పుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. ఆ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. దారిలో పెద్దమనిషి ఈ కథ చెబుతుంటే అందరూ విన్నారు.

అంగడాయన కోనేట్లో మునిగాడు. విప్పిన చొక్కా ఎవరైనా పట్టుకోవాలి కదా, లైను కుర్రాడు పట్టుకున్నాడు. తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి, ఆ డబ్బు ఇచ్చేశానని అంగడాయన గట్టిగా చెప్పాడు. గొంతు వణకలేదు. ఇచ్చానన్నది ఆయనకు కళ్ళకు కట్టినట్టుంది. బయటికి వచ్చాక కుర్రాడు చొక్కా అందించాడు. ఏమీ మాట్లాడలేదు.

ఓనరు అక్కడే అంగడాయన భుజంమీద చెయ్యి వేశాడు. మంగళవారం బండి ముందుగా ఆయన అంగడి దగ్గరే ఆగింది. మూలనున్న మూటను విప్పైనా చూడకుండా వెనక్కి తీసుకున్నారు. అప్పు గడువు రెండు వారాలకు పెంచారు. బండిలో కొత్త కుర్రాడున్నాడు.

వినాయక చవితికి రెండు రోజుల ముందు అంగడాయన పటం దించి తుడిచాడు. వెనక అట్ట ఊడి ఉంది. అట్టకూ చట్రానికీ మధ్య నోట్లకట్ట ఇరుక్కుని ఉంది. రబ్బరుబ్యాండు ఎండి పగుళ్ళిచ్చింది. అట్టముక్కమీద తన రాతే: 18,400.

రాత్రంతా ఆయనకు నిద్రలేదు. తెల్లారి కట్టను సంచిలో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు.

బస్టాండులో దిగి ఏజెన్సీ వైపు పది అడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి కాణిపాకం షేర్ ఆటో దగ్గరికి వచ్చాడు. డ్రైవరు పక్కనే చోటుంది. కూర్చున్నాక చూశాడు, డ్రైవరు పాత లైను కుర్రాడు.

"సామి దర్శనానికా అన్నా?"

"ఊఁ."

చాలా దూరం మాటల్లేవు. తర్వాత కుర్రాడే అన్నాడు.

"నీమీద నాకు కోపం లేదన్నా. మొదట్లో ఉన్నింది. సామి ముందర నువ్వు తడిబట్టల్తో చెప్పినాక పోయింది. అంత పెద్ద సామి ముందర నువ్వు అబద్ధం చెప్తావా? నేనే యాడో పారేసుకునుంటా. ఆ పొద్దు నా సంచికి జిప్పు గూడా సరిగా లేదు."

అంగడాయన సంచిని ఒళ్ళోకి ఇంకాస్త లాక్కున్నాడు.

"ఓనరు కాడ నెలకు వెయ్యి లెక్కన కడతా ఉండా. ఐదు కట్టినా. ఇంకా పదమూడు వేల నాలుగు వందలు ఉండాది."

"సామి ఉండాడులే. అన్నీ ఆయనే చూసుకుంటాడు" అన్నాడు అంగడాయన.

గుడి దగ్గర 21 రోజుల బ్రహ్మోత్సవాలకు పందిళ్ళు వేస్తున్నారు. కుర్రాడు ఛార్జీ వద్దన్నాడు. అంగడాయన దిగి, క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని హుండీ దగ్గరికి వచ్చాడు. సంచిలోంచి కట్ట తీశాడు. రబ్బరుబ్యాండు విప్పలేదు. అట్టముక్కమీద అంకె గర్భగుడి వైపు కనబడేలా పట్టుకుని, లెక్క స్వామి చూసుకునేదాకా కాసేపు ఆగి, లోపలికి వదిలాడు.