అయిదో చక్రానికి వడ్లాయన పరీక్ష

మా బామ్మర్ది డాలస్‌లో ఉంటాడు. ఉద్యోగం అక్కడైనా ప్రాణమంతా ఇక్కడే అంటాడు. ఆ ప్రాణాన్ని పడుకోబెట్టడానికి ఇప్పుడో బండి కావాలట. చక్రాల మీద ఇల్లన్నమాట. పడకగది, వంటగది, సోఫా, టీవీ కింద ఉత్తుత్తి మంటతో చలికాగే పొయ్యి. దాన్ని ఓడెక్కించి తెచ్చి, భద్రాచలం దాటాక అడవి అంచున, గోదారి కనబడేచోట నిలబెట్టి, ఏడాదికి పదిహేను రోజులు ప్రకృతి ఒడిలో ఉంటాడట. ధర 60 వేల డాలర్లు. "మిడ్‌ రేంజే బావా, మరీ ఖరీదైంది కాదు" అన్నాడు. మన లెక్కలో 50 లక్షల పైమాటే.

దీన్ని ఫిఫ్త్‌ వీల్‌ అంటారు. అయిదో చక్రం. ఫొటోలో ఎంత వెతికినా నాకు అయిదోది దొరకలేదు. గుర్రబ్బగ్గీల కాలంలో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దానిమీద అడ్డంగా పడుకోబెట్టిన ఇనుప చక్రానికి ఆ పేరు. బగ్గీలు పోయాయి, పేరు మిగిలింది. ఇప్పుడు పికప్‌ తొట్టిలో, వెనక ఇరుసు మీద బిగించిన పళ్లానికి బండి ముక్కు తగిలిస్తారు. పెద్ద ట్రెయిలర్‌ లారీలదీ ఇదే ఏర్పాటు. ఇలాంటి ఇంటిబండికి క్యారవాన్‌ అనీ పేరు. తెలుగువాళ్లకి క్యారవాన్‌ అంటే మారేడుమిల్లి షూటింగులో హీరోగారు దిగని బండి అనే తెలుసు. అంతకు ముందు ఇంకో మాట ఉండేది, బిడారు. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని పిల్లాజెల్లాతో ఊళ్లు దాటిన బిడార్లు. వాళ్లని నేరస్థ తెగల చట్టం కింద తెల్లదొరలు జాబితాకెక్కించారు. అదే తిరుగుడు ఏసీ పెట్టి తిరిగితే జీవనశైలి అవుతుందని ఆ కాలం వాళ్లకి తట్టలేదు.

సరే, నాణ్యత చూసిపెట్టమన్నాడు. బండ్ల గురించి నాకు తెలిసింది ఆర్టీసీ టిక్కెట్టు వరకే. అందుకని మా వీధి వడ్లాయన్ని పిలిచాను. నలభై ఏళ్లు ఎడ్లబండ్లు చేసిన చెయ్యి. ఇప్పుడు బండ్లు అడిగేవాడు లేక దర్వాజాలు చేస్తున్నాడు. బామ్మర్ది టెక్సాస్‌లో షోరూం ఆవరణలోంచి వీడియో కాల్‌ పెట్టాడు. పక్కన టై కట్టిన అమ్మకందారు పళ్లన్నీ చూపిస్తూ నిలబడ్డాడు.

"గోడ మీద వేలితో కొట్టు బాబూ" అన్నాడు వడ్లాయన.

కొట్టాడు. ఫోన్లోంచే డొల్ల వినబడింది.

"ఏం కర్రయ్యా ఇది?"

కర్ర కాదట. కాగితమంత పల్చటి ప్లైవుడ్డు మీద టేకు రంగు కాగితం అంటించి, పిన్నులు కొట్టారు. బయటిగోడ మూడు పొరల జిగురుపని. నీరు చేరిందంటే పొర ఊడి బుడగలా లేస్తుంది. గోడకి చెంప ఆనించి, ఎండ ఏటవాలుగా పడేటట్టు చూడమన్నాడు వడ్లాయన. చూస్తే ఒకచోట చిన్న అల. కొత్త బండికి! అమ్మకందారు అది నీడ అన్నాడు.

తర్వాత నేల. మూలల్లో, తలుపు దగ్గర, స్నానాలగది ముందు మడమతో తొక్కమన్నాడు. మెత్తగా దిగితే కింద చెక్క కుళ్లుతున్నట్టు. తర్వాత కప్పు. మా వాడు నిచ్చెన ఎక్కనన్నాడు. వడ్లాయన ఊరుకోలేదు. పైన రబ్బరు పొర అతుకుల మీద పూసిన జిగురు పగిలిందా, గాలిగొట్టాల చుట్టూ సందులున్నాయా చూడాల్సిందే. పక్కకి జరిగే గది ఒకటుంది, మీట నొక్కితే సొరుగులా బయటికొస్తుంది. దాని అంచు రబ్బరు ఎలా ఉందో చూడమన్నాడు. "వాన పడ్డనాడు ఇంటోడికంటే ముందు నీళ్లొస్తయి అందులకెంచి" అన్నాడు. చివరికి వంగి ఇరుసు చూపించమన్నాడు. ఇరుసు ఎంత బరువు ఓపుతుందో, ఖాళీ బండి ఎంతో, మిగిలింది ఎంతో తలుపు దగ్గర కాగితంలో ఉంటాయి. 60 గ్యాలన్ల తొట్టి నింపితే నీళ్లే రెండు క్వింటాళ్ల పైన. తతిమ్మా సామాను మిగిలిన లెక్కలో పట్టాలి. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి. అవి బండికంటే రెండేళ్లు ముసలివని తేలింది. అమ్మకందారు పళ్లు కొన్ని లోపలికి వెళ్లాయి.

మిడ్‌ రేంజ్‌ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. చేతికి తగిలేచోట బంగారం, కంటికి కనబడనిచోట అట్టముక్క. లోపలి దీపాలకి పెట్టిన ఖర్చులో సగం కప్పు అతుకులకి పెడితే సరిపోయేది. అన్నట్టు అమెరికా బండి తలుపు కుడివైపు ఉంటుంది, అక్కడ కుడివైపు నడుపుతారు గనక. మన రోడ్డు మీద ఆగి తలుపు తీస్తే దిగేది ప్రకృతి ఒడిలోకి కాదు, జామాయిల్‌ లోడు ట్రాక్టరు కిందికి. ఇక అందులోని ఫ్రిజ్జు 120 వోల్టులది. మన 230 ఇస్తే చలికాగే పొయ్యి ఉత్తుత్తిది కాకుండా పోతుంది.

అన్నీ అయ్యాక వడ్లాయన అడిగాడు: "ఇంతకీ ఏడ పెడతడంట?"

"గోదారి ఒడ్డున."

నవ్వలేదు. బీడీ ముట్టించాడు. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో గోదారి 71 అడుగులు దాటింది. ఆ వారం వడ్లాయన చుట్టాలు ట్రాక్టరు తొట్టిలో మంచం, బియ్యం మూట, మేకపిల్ల, ముసలమ్మ వేసుకుని పైమెట్టకి చేరారు. వర్షాకాలం ముదిరితే ఏటి ఒడ్డు ఊళ్లకి ఇది అలవాటైన క్యాంపింగే. కప్పు టార్పాలిన్‌, గోడ లేదు. డొల్ల చప్పుడు రాదు.

డబ్బులిచ్చి చేసే క్యాంపింగుకైతే కేరళ 2021లోనే క్యారవాన్‌ పర్యాటక విధానం తెచ్చింది. బండి ఆగినచోట నీళ్లు, కరెంటు, మురుగుకి ఏర్పాటు ఉండాలి. మంచిదే. మన ఏజెన్సీలో మనుషులు స్థిరంగా ఆగిన గూడేలకి కూడా ఆ మూడూ ఇస్తారేమో అని ఆశగా ఉంది. గూడేలకి టైర్లు బిగిస్తే పర్యాటక శాఖ కిందికొస్తాయేమో, ఎవరైనా అర్జీ పెట్టి చూడాలి. అక్కడ రోడ్డులేని కొండ మీంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. అదీ నడిచే పడకే, మిడ్‌ రేంజ్‌ కంటే కాస్త కింద.

2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రకి మారాయి. మునిగే ఊళ్ల జనానికి కాలనీ ఇళ్లు. 50 లక్షలు పెట్టేవాడికి గోడ తట్టి, నేల తొక్కి, కప్పెక్కి చూసుకునే వీలుంది. ఊరు వదిలినవాడికి తాళంచెవి చేతిలో పెట్టి ఫొటో తీస్తారు. ఫొటో అయ్యాక గోడ తడితే, కృతజ్ఞత లేదంటారు. అమెరికావాడూ తక్కువ తినలేదు. 2005లో కత్రినా తుపానుకి ఇళ్లు పోయినవాళ్లని ప్రభుత్వం ట్రెయిలర్లలో పెట్టింది. కళ్లు మండుతున్నాయి, ఊపిరాడటం లేదని జనం మొత్తుకుంటే, 2008లో పరీక్షల ఫలితాలొచ్చాయి: చెక్కలోంచి, జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ చాలా బండ్లలో ఎక్కువ. పరీక్ష కాపురానికి ముందు కాదు, తర్వాత.

బామ్మర్ది బండి కొనలేదు. టైర్ల మీద బేరమాడబోతే అమ్మకందారు ఆఫర్‌ రేపటితో ముగుస్తుందన్నాడు. రేపు రానిచ్చి చూడమన్నాడు వడ్లాయన. రేపూ అదే ఆఫరు.

మీలో ఎవరికైనా ఇలాంటిదే కొనాలనిపిస్తే ముసురు పట్టిన రోజు చూసుకుని వెళ్లండి. వాన లేకపోతే కప్పు మీద గంటసేపు నీళ్ల పైపు పెట్టించి, లోపల మూలల్లో అరచేయి ఆనించి చూడండి. పెట్టనివ్వం అంటే అక్కణ్నించే వెనక్కి తిరగండి. కాలనీ ఇంటి తాళంచెవి తీసుకునేవాళ్లూ ఇదే చెయ్యండి, ఫొటోకి ముందు.