అర్జీ అందిందని సంతకం పెట్టేవాడేడీ?

మా రోజుల్లో ఫిర్యాదంటే ఒక మనిషి ఇంకో మనిషికి రాసేది. ఫుల్‌స్కేప్ కాగితం, కార్బన్ పెట్టి రెండు ప్రతులు, పైన తారీఖు, కింద సంతకం. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లం. కొన్నాళ్లకు ఆ కార్డు తిరిగొచ్చేది. దాని మీద గుండ్రటి తపాలా ముద్ర, ఆఫీసు రబ్బరు స్టాంపు, పక్కనే అందుకున్న గుమస్తా వంకర సంతకం. ఆ సంతకం చూస్తే కొండంత ధైర్యం. నా కాగితం ఫలానా రోజున ఫలానా చేతిలో పడింది, ఇక అందలేదనడానికి వీల్లేదు! 2025లో ఆ రిజిస్టర్డ్ పోస్టును కూడా స్పీడ్ పోస్టులో కలిపేశారు.

సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. మా బావమరిది గల్ఫ్ పోదామనుకున్నప్పుడు అతని పాస్‌పోర్టు అర్జీ ఎక్కడో ఆగిపోయింది. కార్డూ, కార్బన్ ప్రతీ పట్టుకుని ఆఫీసుకు పోయాం. హెడ్ గుమస్తా విసుక్కున్నాడు, కసిరాడు, చివరికి లేచి బీరువాలోంచి ట్యాగు కట్టిన ఫైలు లాగాడు. మూడో పేజీలో ఒక సంతకం తక్కువైందట. అక్కడే, ఆ బల్ల మీదే పెట్టించాడు. అప్పుడూ లంచాలున్నాయి, దళారులున్నారు, కాళ్లరిగేలా తిప్పేవాళ్లు. కానీ పని ఎందుకు ఆగిందో చెప్పే మనిషి ఒకడుండేవాడు.

ఇప్పుడు చూడండి. విదేశంలో ఉన్న కోడలి కానుపుకు వెళ్దామని నేనూ మా ఆవిడా విజిటర్ వీసాకు అర్జీ పెట్టుకున్నాం. ఫీజు కట్టాం, వేలిముద్రలిచ్చాం, బ్యాంకు కాగితాలన్నీ ఇచ్చాం. మనవరాలు పుట్టింది, బోర్లాపడింది, పాకింది, ఇప్పుడు నడుస్తోంది. మా అర్జీ మాత్రం ఇంకా ‘పరిశీలనలో ఉంది’. ఫిర్యాదు పెడితే క్షణంలో జవాబొస్తుంది: మీ సందేశం అందింది, దీనికి బదులు రాయవద్దు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. వీసా సెంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది: ‘అంకుల్, కాగితాలు తీసుకుని పంపడం వరకే మా పని.’ ఆ పిల్లను అని ఏం లాభం?

మేముండేది డుమస్‌లో. సూరత్ విమానాశ్రయం ఈ దారిలోనే ఉంది. 2019లో ఇక్కడి నుంచే షార్జాకు విమానం కూడా మొదలైంది. తలమీదుగా విమానం దిగినప్పుడల్లా మా ఆవిడ చేస్తున్న పని ఆపి పైకి చూస్తుంది.

అర్జీ పెట్టి ఎదురుచూడటం ఈ ఊరికి కొత్త కాదు. తాపీ నది సముద్రంలో కలిసేచోట మాది ఇటు, సువాలి రేవు అటు. 1608లో సూరత్ వచ్చిన ఇంగ్లీషువాడు విలియం హాకిన్స్ వ్యాపారానికి అనుమతి కోసం ఆగ్రాలో రెండేళ్లకు పైగా పడిగాపులు కాసి, 1611లో ఉత్తచేతులతో వెళ్లాడు. 1615లో ఇంగ్లండు రాయబారి థామస్ రో సువాలిలోనే ఓడ దిగాడు. సూరత్ అధికారుల మీద తన ఫిర్యాదును నేరుగా మొఘల్ పాదుషా జహంగీర్ ముందే పెట్టాడు. అర్జీదారులు లాగడానికి 60 గంటలున్న గొలుసును ఆగ్రా కోటకు కట్టించానని ఆ పాదుషా స్వయంగా రాసుకున్నాడు. పని అయినా కాకపోయినా, ఎవరినడగాలో అప్పటి పరదేశికి తెలుసు. నాలుగొందల ఏళ్ల తర్వాత మాకు తెలియదు!

మన సర్కారుకు చెప్పుకుందామా అంటే అదీ కుదరదు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పరిష్కారానికి 2024లో 21 రోజుల గడువు పెట్టారు, కానీ అది మన ఆఫీసుల వరకే. 2015లో విదేశాంగ శాఖ తెచ్చిన ‘మదద్’ బయటి దేశాల్లో చిక్కుకున్న మనవాళ్ల కోసం. ఇంకో దేశం వీసా ఆలస్యం చేస్తే ఈ రెండూ పనికిరావు.

వీసా ఇవ్వడం, మానడం ఆ దేశం ఇష్టం. కాదనను. కానీ గడువు పెట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. ఐరోపా షెంగెన్ చట్టం స్వల్పకాలిక వీసాను 15 రోజుల్లో తేల్చమంటుంది, మరీ అవసరమైతే 45 రోజులు. అమెరికా వలస చట్టం 221(జి) సెక్షన్ కింద వీసా ఆపితే అలాంటి గడువే లేదు. అందుకే కొందరు అక్కడి ఫెడరల్ కోర్టుల్లో, ఏదో ఒకటి తేల్చమని అధికారులను ఆదేశించాలంటూ మాండమస్ దావాలు వేస్తున్నారు. ఒక జవాబు కోసం కోర్టుకెక్కాలా?

పిల్లలూ, మీకో మాట. ఫోన్‌లో స్టేటస్ చూస్తూ కూర్చోకండి. అర్జీ నంబరు, తారీఖు, ఫీజు రశీదు జతచేసి రాతపూర్వకంగా అడగండి: ఎందుకు ఆగింది, ఇంకేం కావాలి, ఎప్పటికి తేలుస్తారు? ప్రతి జవాబునూ దాచుకోండి. ఇక మన ప్రభుత్వం వీసాలిచ్చే దేశాలతో మాట్లాడినప్పుడు గట్టిగా అడగాల్సింది ఒక్కటే: ప్రతి అర్జీకి ఒక గడువు, ప్రతి ఫిర్యాదుకు ఒక అధికారి పేరు. ఫీజు తీసుకున్నవాడు జవాబు చెప్పాలి. లేదనైనా సరే, చెప్పాలి.