టేపు తండ్రికి చైనా కొడుకు

చైనా డిటెక్టివ్ వేషం వేయాలంటే హాలీవుడ్‌లో ఒకప్పుడు కొన్ని అర్హతలుండేవి. స్వీడన్‌లో పుట్టి ఉండాలి, కనీసం ఐరిష్ వంశంలోనైనా పుట్టి ఉండాలి. కళ్లను చివర్లకు లాగి అంటించే టేపు స్టూడియోవాళ్లే ఇస్తారు. ఒంట్లో చైనా రక్తం ఉంటే మాత్రం దరఖాస్తు బుట్టదాఖలే.

అతిశయోక్తి అనుకోకండి. హోనొలులు పోలీసు డిటెక్టివ్ చార్లీ చాన్‌గా 1930లలో జనం చూసింది స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలండ్‌ని. 1957లో అదే పాత్ర టీవీకెక్కితే, తండ్రి వేషం ఐరిష్ సంతతివాడైన జె. కారల్ నేష్‌కు దక్కింది. పెద్దకొడుకు బ్యారీ మాత్రం అచ్చమైన చైనావాళ్లబ్బాయి, జేమ్స్ హాంగ్. 1929లో మినియాపొలిస్‌లో పుట్టి, సివిల్ ఇంజినీరింగ్ చదివి, లాస్ ఏంజెలెస్ కౌంటీలో రోడ్ల పని చూసి, నటనలోకి వచ్చినవాడు. తండ్రి మొహమేమో మేకప్ గదిలో పుట్టింది, కొడుకు మొహమేమో తల్లి కడుపులో. ఈ వంశవృక్షాన్ని చూస్తే వంశలక్షణాల లెక్క తేల్చిన మెండెల్ మహాశయుడు బఠాణీ తోట వదిలేసి పారిపోయేవాడు.

తండ్రి వేషానికి హాంగ్ వయసు చాలదంటారా? సరే. వయసు చాలిన చైనా నటుడు ఆ ఊళ్లోనే ఉన్నాడు, కీ లూక్. 1935 నుంచి సినిమాల్లో చార్లీ చాన్ పెద్దకొడుకుగా వేసి, అప్పటికి యాభై దాటినవాడు. ఇరవై ఏళ్ల అప్రెంటిస్‌షిప్ చాలలేదు కాబోలు. చివరికి 1972లో ఆయన్ని చార్లీ చాన్‌ని చేశారు, కార్టూన్‌లో. అంటే గొంతు మాత్రమే! తెర మీద మొహం కనబడదని తేలాక ఇక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆసియావాళ్ల నటన చాలదు, వాళ్లను పెడితే టికెట్లు తెగవు అని ఆనాటి నిర్మాతలు అనేవారట. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను విన్నాం గానీ, మద్దెలను ముట్టుకోకుండానే ఓడని తేల్చిన ఘనత వీళ్లది. (నల్లని పల్లెపిల్ల పాత్రకు తెల్లని అమ్మాయిని తెచ్చి మొహానికి మసి పూసే మన సినిమావాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదనుకోండి, అది వేరే సంగతి.)

ఆ చాలని నటుల్లో ఒకడైన హాంగే 1956లో అమెరికాకు తెచ్చిన గాడ్జిల్లా సినిమాలో జపాన్ నటులకు ఇంగ్లీషు గొంతు అరువిచ్చాడు. 'చైనాటౌన్'లో బట్లర్ అయ్యాడు. 'సైన్‌ఫెల్డ్'లో టేబుల్ ఇవ్వకుండా జనాన్ని నిలబెట్టే హోటల్ మనిషి అయ్యాడు. 'బ్లేడ్ రన్నర్'లోనైతే కృత్రిమ మనుషులకు కళ్లు తయారుచేసే పనివాడు. కళ్లకు టేపు అంటించుకునే పరిశ్రమ ఏరికోరి అతనికి కళ్ల దుకాణం అప్పగించడంలో ఎంత కవిత్వం! సరైన వేషాలు దొరక్క, 1965లో ఆసియా నటులు తామే ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్ అనే నాటక సంస్థ పెట్టుకున్నారు. స్థాపకుల్లో హాంగ్ ఒకడు.

2008 'కుంగ్ ఫూ పాండా'లో తండ్రి వేషం వచ్చింది. నూడుల్స్ అమ్మే పెద్దబాతు, మిస్టర్ పింగ్. మళ్లీ గొంతే. కొడుకు పాండాకు గొంతిచ్చింది జాక్ బ్లాక్ అనే తెల్లాయన. బాతుకి పాండా పుట్టడమేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకుంటే వాళ్లకు చార్లీ చాన్ ఇంటి సంగతి తెలియదన్నమాట. అయినా ఆ పాండాని పెంచుకున్నానని రెండో భాగంలో బాతు కనీసం ఒప్పుకుంటుంది.

నాలుగు వందలు దాటిన పాత్రల తర్వాత హాలీవుడ్ వీధిలో తన పేరిట గౌరవ నక్షత్రం కావాలంటే, 2020లో నటుడు డానియల్ డే కిమ్ పూనుకుని జనం దగ్గర చందాలు పోగుచేయాల్సి వచ్చింది. 2022 మే నెలలో దాన్ని ఆవిష్కరించేనాటికి హాంగ్ వయసు 93.

ఆ ఏడాదే వచ్చిన 'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్'లో ఆయన తాతగా వేశాడు. కూతురు, అల్లుడు, మనవరాలు, అందరూ ఆసియా మొహాలే, ఎవరి కళ్లు వాళ్లవే. టికెట్లు తెగవన్న ఆ మొహాలతోనే సినిమా ప్రపంచమంతటా 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి, ఏడు ఆస్కార్లు పట్టుకెళ్లింది.