పంపు రాజ్యం
2007, 2008 రెండేళ్లూ ‘ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ కిరీటం బీఎండబ్ల్యూ 3 లీటర్ల ట్విన్ టర్బోదే. ఏం లాభం? హైప్రెషర్ ఫ్యూయల్ పంపు మొరాయిస్తే అమెరికా హైవేల మీద ఆ మహారాజు చప్పున నీరసించి, ఓ లైటు వెలిగించి ఊరుకునేవాడు. డీలరు కొత్త పంపు వేసి, ‘ఇక దిగుల్లేద’ని నవ్వేవాడు. కొందరికి ఆ కొత్తదీ పోయింది. మళ్లీ అదే కౌంటరు, అదే నవ్వు! 2010 అక్టోబరులో గానీ కంపెనీకి మెలకువ రాలేదు. దాదాపు 1.3 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. పంపు వారంటీ 10 ఏళ్లు లేదా 1.2 లక్షల మైళ్లకు పెంచింది. ఆ గడువూ ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కొట్టేశామని మురిసేవాళ్లకు పంపు సొంత ఖర్చు, నవ్వు మాత్రం ఫ్రీ.