చిల్లర లేదనడం ఎలా?

జూలూరుపాడులో మాది మూడు తరాల కిరాణా కొట్టు. కొత్తగా కొట్టు పెట్టే కుర్రాళ్లు పెట్టుబడి గురించి అడుగుతారు, సరుకు గురించి అడుగుతారు, అసలు విద్య గురించి మాత్రం అడగరు. ‘చిల్లర లేదు’ అనే మాట ఎప్పుడు, ఎవరితో, ఏ మొహం పెట్టి అనాలో చెబుతాను. రాసుకోండి.

ముందు మా తాత పద్ధతి. ఆయన కాలంలో మనది నైజాం ఇలాకా. గోదావరి అవతల భద్రాచలం ఇంగ్లీషువాడిది. ఇక్కడ చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అక్కడ కల్దారు. సుమారుగా ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. అంటే ఒక్క కల్దారుకు హాలీలో రూపాయి రెండణాల ఎనిమిది పైలు. నవమికి పోయే యాత్రికుడు మూట నెత్తిన పెట్టుకుని ఈ లెక్క చెయ్యగలడా? మా తాత చేసిపెట్టేవాడు, వట్టం పట్టుకుని. మొదటి సలహా అదే: గిరాకీ ఇచ్చే డబ్బూ మీరు తిరిగిచ్చే డబ్బూ ఒకే లెక్కలో ఉండకూడదు. (రామదాసు బాకీ తీర్చడానికి రామోజీ, లక్ష్మోజీ ఆరు లక్షల మాడలు సరిగ్గా లెక్కకు తెచ్చారట. తానీషా చిల్లర వెతుక్కోలేదు. గిరాకీ అంటే వాళ్లు.)

మా నాన్నకు అంతకంటే మంచిరోజులు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలన్నారు. అప్పటిదాకా 16 అణాలు. అణాకు ఆరుంబావు నయాపైసలు పడాలి, పావు పైసాకు బిళ్ల లేదు. అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని కట్టారు. చూశారా కిటుకు? అణా సరుకు అమ్మితే పావు పైసా మనకు బొక్క, మూడణాల సరుకు అమ్మితే పావు పైసా మనకు లాభం. అణా బెల్లం అడిగినవాళ్లకు మా నాన్న మూడణాల బెల్లం పొట్లం కట్టేవాడు. హాలీ కూడా 1959 దాకా నడిచింది కాబట్టి గల్లాపెట్టెలో రకరకాల లెక్కలు కలిసి కాపురం చేశాయి. మా ఇంటికి పెంకులు తీసి డాబా వేసింది ఆ రోజుల్లోనే.

మన తరానికే కష్టం వచ్చింది. ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై. ఈ బిళ్లలు కనిపెట్టినవాడు వ్యాపారి కాడు. తొమ్మిది రూపాయలు తిరిగివ్వాలంటే ఐదు, రెండు, రెండు. పది రూపాయలలోపు ఎంత చిల్లరైనా మూడు బిళ్లలు దాటదు. రెండో తరగతి పిల్ల కూడా లెక్క చూసుకుని పోతుంది. అమెరికాలో అలా కాదు. డల్లాస్ నుంచి మా తమ్ముడి కొడుకు బిళ్లలు తెచ్చి చూపిస్తే నాకు కన్నుకుట్టింది. వాళ్ల పది సెంట్ల బిళ్ల ఐదు సెంట్ల బిళ్లకంటే చిన్నది, దాని మీద పది అనే అంకే లేదు! రెండు సెంట్ల బిళ్ల వాడుకలో లేదు కాబట్టి తొమ్మిది సెంట్లకు ఐదు బిళ్లలు లెక్కపెట్టాలి. అలాంటి దేశం కూడా చెడిపోతోంది. వాడుకకు ఒక సెంటు బిళ్ల అచ్చు వెయ్యడం 2025 నవంబరులో మానేశారు.

కెనడాలో జెఫ్రీ షాలిట్ అనే ప్రొఫెసరు 2003లో ఒక లెక్క తేల్చాడు. అమెరికాలో డాలరు లోపు చిల్లరకు సగటున 4.7 బిళ్లలు పడుతున్నాయట. పది సెంట్ల బిళ్ల తీసేసి 18 సెంట్ల బిళ్ల పెడితే 3.89 చాలట. ఆయన బిళ్లలు తగ్గుతాయని మురిశాడు గానీ నాకు కనబడింది వేరు. 36 ఇవ్వాలనుకోండి. పెద్ద బిళ్లతో మొదలుపెట్టే అలవాటున 25, 5, 5, 1 తీస్తాం. రెండు పద్దెనిమిదులు చాలని ఎవరికి తడుతుంది? గిరాకీ వేళ్లు మడిచేలోపు బస్సు హారన్ కొడుతుంది, ‘ఉంచుకోండి బాబాయ్’ అని పరిగెడతాడు. అందరం కలిసి 18 రూపాయల బిళ్ల కోసం ఢిల్లీకి అర్జీ పెట్టాలి.

అది వచ్చేదాకా చాక్లెట్లతో నెట్టుకురండి. ఇద్దరు గిరాకీల చిల్లర కలిపి ఒక్క నోటు చేతిలో పెట్టి, ‘బయట పంచుకోండి’ అని పంపడం బస్సు కండక్టర్ల దగ్గర నేర్చుకున్న విద్య. ముక్కూమొహం తెలియనివాళ్లు సెంటరంతా జంటగా తిరుగుతారు. ఫోను చూపించి స్కానర్ అడిగితే సిగ్నల్ లేదనండి. అడవి అంచు ఊరు కదా, నమ్ముతారు.

పది రూపాయల బిళ్ల ఇస్తే మాత్రం ‘చెల్లదు’ అని తోసెయ్యండి. పద్నాలుగు రకాల అచ్చులూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. చెబితే చెప్పింది. నేను ఊరందరి ముందూ ఎంత గట్టిగా తోశానంటే, ఇప్పుడు ఊళ్లో ఎవరూ ముట్టరు. పెళ్లి చదివింపుల్లో మా ఇంటికి వచ్చినవి కూడా.

నూనె డబ్బా నిండా ఉన్నాయి. వందకు ఐదు రూపాయలు వట్టం ఇస్తాను. నోట్లు తెచ్చేవాళ్లు కొట్టు దగ్గరికి రండి, చీకటి పడ్డాక.