చక్రాలు వెడల్పు చేయించేవారికి తిరుగులేని చిట్కాలు

మూసీ ఎడమ కాలువకు నీళ్లు వదిలారన్న కబురు పెన్‌పహాడ్ మండలంలో పడితే చాలు, ట్రాక్టర్లన్నీ వెల్డింగ్ షాపు దారి పడతాయి. ఒకాయన దమ్ముకు వెళ్లాలి, కేజ్‌వీల్స్‌కు విరిగిన పళ్లు అతికించుకోవాలి. ఇంకొకాయన పత్తి సాళ్లకు సరిపోయేలా వెనక చక్రాలు జరుపుకోవాలి. మూడో ఆయనకు ఏ పనీ లేదు, పక్క చేను ఆయన బండికంటే తన బండి నాలుగించులు వెడల్పుగా కనిపించాలి, అంతే. ఈ చిట్కాలు ఆ మూడో ఆయన కోసం. మొదటి ఇద్దరూ చదువుకోవచ్చు గానీ పాటిస్తే మా పూచీ లేదు.

1. ఎందుకు అని అడగొద్దు

కంపెనీవాళ్లు చక్రాల ఎడం మార్చుకునే వీలు ముందే పెట్టి ఇస్తారు. వెనక రిమ్మునూ డిస్కునూ అటు తిప్పి, ఇటు తిప్పి బిగిస్తే చాలా బండ్లకు మెట్టుకు నాలుగించుల చొప్పున ఎడం మారుతుంది. గుంటుకకు ఒక కొలత, నాగలికి ఒక కొలత, ట్రాలీకి ఒక కొలత. ఈ లెక్కలన్నీ ఓపిక ఉన్నవాళ్లకు. మీరు నేరుగా ఆఖరి మెట్టుకు వెళ్లి, వానాకాలం, యాసంగి అని చూడకుండా ఏడాది పొడుగునా అక్కడే ఉంచండి. పత్తిలోకి దిగాక చక్రం సరిగ్గా మొక్కల వరస మీదే నడిస్తే కంగారు పడొద్దు. మొక్కే లేని సాలులో కలుపు తీసే కూలి మిగిలినట్టే కదా! నాగలి కట్టినప్పుడు బండి ఒక పక్కకే లాగుతుంటే అదీ మంచిదే. సాయంత్రానికి భుజాలు గట్టిపడతాయి.

2. టైరు ముఖం ఎటున్నా ఒకటే

పెద్ద టైరు మీది రబ్బరు గట్లను ఒకసారి దగ్గరగా చూడండి. రెండు వైపుల నుంచి ఏటవాలుగా వచ్చి మధ్యలో బాణం ములుకులా కలుస్తాయి. బండి వెనక నిలబడి చూస్తే ఆ ములుకు పైకి ఉండాలి. అప్పుడే చక్రం తిరిగేటప్పుడు ములుకు ముందుగా నేలను తాకుతుంది, గట్ల సందుల్లోని బురద రెండు పక్కలకూ జారిపోతుంది. ఎడం పెంచడానికి చక్రాన్ని తిరగేసి బిగిస్తే ములుకు కిందికి వస్తుంది. అందుకే ఎడమ చక్రం కుడికి, కుడి చక్రం ఎడమకు మార్చాలని మెకానిక్ అంటాడు.

వినకండి. అంత బరువున్న చక్రాన్ని బండి చుట్టూ దొర్లించుకు రావడానికి నలుగురు మనుషులు కావాలి, నలుగురికీ చాయ్ కావాలి. ఎక్కడిదక్కడే తిరగేసి బిగించేయండి. మొదటి మడిలోనే బురద గట్ల సందుల్లో ఇరుక్కుని టైరు నున్నగా తయారవుతుంది. చక్రం తిరుగుతుంది, బండి కదలదు. మీటరు మీద గంటలు మాత్రం పడతాయి. గంటల లెక్కన కిరాయి తీసుకునేవారికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

3. మందం ఎంతైనా స్పేసర్ పెట్టేయండి

ఆఖరి మెట్టు కూడా చాలకపోతే హబ్బుకూ డిస్కుకూ మధ్య ఇనుప దిమ్మ వేయించండి. “ఏమైతదన్నా, ఇంకో రెండించులు జరుపుదాం” అనే కుర్రాడు ప్రతి షాపులోనూ ఒకడుంటాడు. వాడే మీకు గురువు. బిగించాక బోల్టు కొన నట్టు బయటికి రెండు మూడు మరలైనా కనిపించాలంటారు. మీ బోల్టు నట్టు లోపలే ఎక్కడో ఆగిపోతుంది. కనిపించనిదాని గురించి బెంగెందుకు? చక్రం బయటికి జరిగిన కొద్దీ బండి బరువుకు ఇరుసు కొన పైకి వంగుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది, ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. కారే నూనెను చూసి బండిలో ఇంకా నూనె ఉందని సంతోషించండి.

నట్లను ఎదురెదురుగా కాకుండా వరసగా బిగించండి. కొన్ని గంటలు నడిచాక మళ్లీ బిగించాలన్న మాట చెవిన పెట్టకండి. ఒకసారి బిగించినదాన్ని మళ్లీ బిగిస్తే దాన్ని అనుమానించినట్టు ఉంటుంది.

4. ముందు చక్రాలు కూడా వెడల్పు చేయండి, టై రాడ్‌ను ముట్టకండి

ట్రాక్టర్ ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. గతుకుల్లో నాలుగు చక్రాలూ నేల విడవకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. బండి పక్కకు ఒరిగేటప్పుడు ఆ ఊగుడు అడ్డు తగిలి ఆగేదాకా ముందు చక్రాల వెడల్పు వల్ల ఒరిగే లాభం లేదు. అయినా చూడ్డానికి బాగుంటుంది కాబట్టి జరపండి. ఇరుసు జరిపినప్పుడు రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ పొడవు కూడా అంతే మార్చాలి. మార్చకపోతే రెండు చక్రాలూ ఆస్తి పంచుకున్న అన్నదమ్ముల్లా చెరో దిక్కు చూస్తాయి. లోపలి అంచులు అరిగి టైర్లు త్వరగా పోతాయి, కొత్తవి కొనే యోగం త్వరగా వస్తుంది.

5. జాకీ ఎక్కడ పెట్టాలి?

ఒడ్డు మీద, తడి మట్టిలో, సగం ఇటుక మీద. ట్రాలీ విప్పొద్దు. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టొద్దు. పిల్లల్ని దగ్గరే నిలబెట్టండి, పని నేర్చుకుంటారు.

6. కేజ్‌వీల్స్‌తో తారు రోడ్డు ఎక్కండి

మెత్తటి మడిలో బండి దిగబడకుండా ఆపేది ఇనుప చక్రమే, అందులో సందేహం లేదు. కానీ టైర్లు విప్పి ఇనుప చక్రాలను పొలం దగ్గరే బిగించాలి, పని అయ్యాక మళ్లీ విప్పాలి. ఇద్దరు మనుషులు, ఒక జాకీ, బోలెడంత విసుగు. ట్రాలీలో వేసుకుని వెళ్లేవాళ్లను చూసి నవ్వండి. మీరు ఇంటి దగ్గరే బిగించుకుని తెల్లవారుజామున రోడ్డెక్కండి. కేసు పెడతామని అధికారులు సీజన్ సీజన్‌కూ చెబుతూనే ఉంటారు, వాళ్ల ఉద్యోగం వాళ్లది.

ఒక్కో పన్ను తారులో ఒక్కో గాటు పెడుతుంది. గాటులో వాన నీరు నిలుస్తుంది. నీరు కింది కంకరను కదిలిస్తుంది. కదిలిన చోట గుంత పడుతుంది. పంట చేతికొచ్చాక ధాన్యం ట్రాలీతో మిర్యాలగూడ మిల్లులకు బయల్దేరేది ఆ గుంతల మీదుగానే. ట్రాలీ కమాను పట్టీ విరిగి రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ప్రభుత్వాన్ని తిట్టడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది.

7. బొమ్మ బండిని చూసి నేర్చుకోండి

రాళ్లెక్కే రిమోట్ బండ్ల వీడియోలు మీ అబ్బాయి ఫోన్‌లో చూసే ఉంటారు. అసలు జీపులో పదోవంతు ఉంటాయి, బరువు సుమారు 3 కిలోలు. వాటి సరదాదారులు కూడా చక్రాలు బయటికి జరుపుతారు. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే 12 మిల్లీమీటర్ల ఆరు పలకల ముక్కను (హెక్స్) తీసేసి పొడుగుది వేస్తారు, ఏటవాలు రాయి మీద బండి పక్కకు పడకుండా ఉంటుందని. అయితే వాళ్లకూ ఒక బాధ ఉంది: చక్రం ఎంత బయటికి వస్తే స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు అంత తిప్పలు పడుతుంది, చివరికి కాలిపోతుంది. అందుకే వెడల్పు కొంచెమే పెంచి, చక్రాల దగ్గర ఇత్తడి బరువులు కట్టి భారాన్ని నేలకు దించుతారు. ట్రాక్టర్‌కు ఆ పని నీళ్లు చేస్తాయి. వాల్వు పైకి ఉంచి దాని మట్టం దాకా నింపితే టైరు ముప్పావు వంతు నిండుతుంది.

మీరు వాళ్ల దగ్గర వెడల్పు మాత్రమే నేర్చుకోండి, బరువు సంగతి వదిలేయండి. బరువు పెట్టాలనే ఉంటే టాపు మీద రెండు సౌండ్ బాక్సులు పెట్టండి.

8. దిగబడితే చక్రానికి మొద్దు కట్టండి

ఇంత చేసినా బండి బురదలో దిగబడుతుంది. అప్పుడు పెద్ద టైరుకు అడ్డంగా మొద్దు కట్టి, గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదలండి. మొద్దు అడ్డుపడి చక్రం తిరగదు. ఇంజన్ బలం ఎక్కడికో పోవాలి కదా, చక్రాన్ని తిప్పలేక బండినే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం లేస్తుంది. లేచిన ముక్కు వెనక్కి పడడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. కాలు క్లచ్ మీదికి పోయే వ్యవధి లేదు.

స్వీడన్‌వాళ్లు 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడే గట్టి ఫ్రేము తప్పనిసరి చేశారు. అక్కడి రైతులకు తిరగబడిన బండి కింది నుంచి లేచి నడిచొచ్చే అలవాటు అలా అయింది. బొమ్మ బండి బోర్లా పడితే పిల్లవాడు రెండు వేళ్లతో ఎత్తి మళ్లీ నిలబెడతాడు. మీ బండిని ఎత్తడానికి ఊరంతా వస్తుంది. ఈ ఒక్క చిట్కా మాత్రం చదివి వదిలేయండి.

9. చట్టం సంగతి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. కంపెనీ ఇచ్చిన మెట్ల మధ్య జరుపుకోవడం వేరు, వెల్డింగ్ దిమ్మలు వేరు. ప్రమాదం జరిగాక ఈ తేడాను బీమావాళ్లు మీకు ఓపిగ్గా వివరిస్తారు. అందాకా ఆగండి.

10. అమ్మేటప్పుడు

దిమ్మలు పీకేయండి, చక్రాలు పాత మెట్టుకు తెచ్చేయండి, ఆయిల్ సీలు దగ్గర డీజిల్ గుడ్డతో తుడిచేయండి. “కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది” అని చెప్పండి. ఆ మాట వినగానే కొనేవాడు వంగి హబ్బు చుట్టూ చేత్తో తడిమి, బోల్టు కొనలు చూసి, టైరు లోపలి అంచు మీద గోరు పెట్టి గీశాడంటే ధర తగ్గించండి. ఆయన ఈ చిట్కాలు చదివినవాడు.